చీటీలు, క్యాసెట్లు, ఉప్పెన: వాడ చరిత్ర రాసేవాళ్లు నోట్సు ఎలా సర్దుకోవాలి

పాలకాయతిప్పలో ఎవర్నైనా ‘మీ పెళ్లి ఏ సంవత్సరంలో అయింది?’ అని అడిగితే సంవత్సరం చెప్పరు. ‘ఉప్పెనకి రెండేళ్ల ముందు’ అంటారు. పెద్దోడు ఎప్పుడు పుట్టాడంటే ‘ఉప్పెనప్పుడు పొట్టలో ఉన్నాడు నాయనా’ అంటారు. కోడూరు మండలంలో, హంసలదీవి పక్కన, కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరది. 1977 నవంబర్ 19 శనివారం నాడు వచ్చిన ఉప్పెన ఆ తీరాన్నంతా తుడిచిపెట్టింది. అప్పటి నుంచి దివిసీమలో కాలానికి రెండే ముక్కలు: ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత.

మేము మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో నోట్‌బుక్కు ఉంది. తిరిగొచ్చాక చూసుకుంటే ఏ నోట్‌బుక్కులోని తేదీకీ ఇంకో నోట్‌బుక్కులోని తేదీ కలవలేదు. తప్పు చెప్పినవాళ్లది కాదు, ఏం తెచ్చుకోవాలో తెలియకుండా వెళ్లిన మాది. వాడ చరిత్ర, భూమి కేసు, నిజనిర్ధారణ నివేదిక, ఎం.ఎ. డిసర్టేషన్, ఏది రాయాలన్నా విషయ సేకరణ మనవాళ్లకు కష్టం కాదు. మన ఊళ్లు మనకు తెలుసు, మనతో మనుషులు మాట్లాడతారు. సేకరించింది ఏమవుతోందన్నదే సమస్య. ఆరు నెలల తర్వాత ఆ కాగితం దొరకదు, దొరికినా అందులోది ఎవరు చెప్పారో గుర్తుండదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఒక కాలపట్టిక

ఊరికి వెళ్లే ముందు రోజే ఒక పేజీ రాసుకోవాలి. ఎడమ పక్క సంవత్సరాలు, కుడి పక్క ఆ ప్రాంతంలో అందరికీ గుర్తుండే సంఘటనలు. కృష్ణా డెల్టాకు మేము వాడేది ఇలా ఉంటుంది. 1864 నవంబర్ 1: బందరు ఉప్పెన, దాదాపు 30,000 మంది పోయారు (ఇది చూసినవాళ్లు ఎవరూ లేరు, కానీ తాతల మాటల్లో వస్తుంది). 1968: కంచికచర్లలో కోటేశును కాల్చి చంపడం. 1972–73: జై ఆంధ్ర ఉద్యమం, బళ్లు మూతపడ్డ కాలం. 1975: ఎమర్జెన్సీ. 1977: ఉప్పెన. 1983: రామారావు గెలవడం, రెండు రూపాయల బియ్యం. 1984 జనవరి: కరణాలు, మునసబుల రద్దు. 1985: తాలూకాలు పోయి మండలాలు రావడం, అదే ఏడాది జూలై 17న కారంచేడు. 1990 మే: మళ్లీ పెద్ద తుఫాను. 1991 ఆగస్టు 6: చుండూరు. 2004 డిసెంబర్ 26: సునామీ.

ఈ పేజీ దగ్గరుంటే ఎవరు ఏం చెప్పినా సంవత్సరం పట్టుకోవచ్చు. ‘ఆ భూమి దున్నుకోమన్నది కరణం గారున్నప్పుడే’ అంటే 1984కు ముందు. ‘మాకు మండలం ఆఫీసులో కాగితం ఇచ్చారు’ అంటే 1985 తర్వాత. పెద్దవాళ్లు చెప్పే మాట మాటగానే రాయాలి. సంవత్సరాన్ని పక్కన బ్రాకెట్లో, మన అంచనా అని తెలిసేలా, రాయాలి. ఆమె ‘ఉప్పెనకి ముందేడు’ అంటే మన నోట్సులో ‘1976’ అని మాత్రమే ఉండిపోతే, రేపు ఇంకొకరు వచ్చి ‘ఆమె 1976 అన్నారు’ అని రాస్తారు. ఆమె ఆ అంకె ఎన్నడూ అనలేదు.

వానలో తడిసిన కాగితాలు

బాబాసాహెబ్ అంబేడ్కర్ తన పుస్తకాల కోసమే ముంబయి దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నారని మనందరికీ తెలుసు. ఆయన కాగితాలు ఏమయ్యాయన్నది మాత్రం చాలామంది విద్యార్థులకు తెలియదు. 1956 డిసెంబర్ 6న ఆయన పరినిర్వాణం తర్వాత ఢిల్లీ అలీపూర్ రోడ్డు ఇంట్లో ఉన్న రాతలు కోర్టు వ్యవహారాల్లో చిక్కుకున్నాయి. ఆ ఇల్లు చేతులు మారినప్పుడు, 1967 జనవరిలో, గదుల్లోని కాగితాలను బయట పెరట్లో పడేస్తే వానకు తడిసి కొన్ని నాశనమయ్యాయని, ఆయన దగ్గర టైపిస్టుగా, కార్యదర్శిగా పనిచేసిన నానక్ చంద్ రత్తు రాసిపెట్టారు. మిగిలిన వాటిని వసంత్ మూన్ లాంటివాళ్లు పోగుచేసి సర్దితే, 1979 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం రచనలు–ప్రసంగాల సంపుటాలుగా తెచ్చింది. ‘రిడిల్స్ ఇన్ హిందూయిజం’ అచ్చులో కనిపించింది 1987లో, అంటే ఆయన పోయిన 31 ఏళ్లకు.

ఆ సంపుటాల్లో మూడోదాన్ని నోట్సు సర్దుకోవడం నేర్చుకోవాలనుకునే ప్రతి విద్యార్థీ ఒకసారి తిప్పి చూడాలి. అందులో ఉన్నవి ఎక్కువ భాగం అసంపూర్తి రాతలు. ప్రాచీన భారతంలో విప్లవం, ప్రతివిప్లవం గురించి ఆయన రాయదలచిన పుస్తకానికి అధ్యాయాల జాబితా ఒకటి దొరికింది. ఆ జాబితా ఉండబట్టే ఏ అధ్యాయం దొరికింది, ఏది దొరకలేదు అన్నది సంపాదకులు చెప్పగలిగారు. కమ్యూనిజం మీద తలపెట్టిన పుస్తకం విషయంలోనూ అంతే, ప్రణాళిక ఉంది, పుస్తకంలో కొద్ది భాగమే ఉంది. రాయబోయే దానికి ఒక పేజీ ప్రణాళిక రాసి, తేదీ వేసి, నోట్సు కట్ట మీదనే పెట్టుకోవాలని మేము చెప్పేది అందుకే. మనం పూర్తి చేయలేకపోవచ్చు. ఉద్యోగం వస్తుంది, కేసు పడుతుంది, పెళ్లవుతుంది, ప్రాణమే పోవచ్చు. ఆ కట్ట తీసినవాళ్లకు లోపల ఏముండాలో తెలియాలి.

గుడివాడ నుంచి న్యూయార్క్ దాకా టేపులు

మన ప్రాంతం నుంచే ఇంకో ఉదాహరణ. గుడివాడ దగ్గర పుట్టి, శివసాగర్‌గా కవిత్వం రాసి, పీపుల్స్‌వార్ నిర్మాతల్లో ఒకరైన కె.జి. సత్యమూర్తి జీవితం చాలాకాలం చెప్పుకునే కథలుగానే ఉంది. ఆయన మేనకోడలు సుజాత గిడ్ల న్యూయార్క్‌లో సబ్‌వే కండక్టరుగా పనిచేస్తూ, మేనమామ చేతా తల్లి మంజుల చేతా చెప్పించుకుని రికార్డు చేసుకున్నారు. ఏళ్ల తరబడి సాగిన పని అది. సత్యమూర్తి 2012 ఏప్రిల్ 17న పోయారు. పుస్తకం ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ 2017లో వచ్చింది. ఆ అయిదేళ్ల తేడా చూడండి. రికార్డింగులు లేకపోతే ఆ పుస్తకం ఉండేది కాదు. రికార్డింగులు ఉండి, ఏ టేపులో ఏముందో తెలియకపోయినా ఉండేది కాదు.

ఆ పుస్తకం మీద మన వాళ్లలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. రాసే పని నేర్చుకునేవాళ్లకు అందులో పనికొచ్చేది ఒకటుంది. పెద్ద నాయకుడి జీవితంతో సమానంగా, ఇల్లు నడిపిన, ఉద్యోగం కోసం ఊరూరా తిరిగిన ఒక దళిత స్త్రీ జీవితానికి చోటు దొరికింది. ఇద్దరి మాటలూ విడివిడిగా రికార్డయినప్పుడే అది సాధ్యం. మన ఇంటర్వ్యూల్లో సాధారణంగా జరిగేదేమిటి? మగవాళ్లు అరుగు మీద కూర్చుని చెబుతారు, లోపలి నుంచి ఆడమనిషి ‘అది కాదులే’ అని సవరిస్తుంది. ఆ సవరణ రికార్డులో సగం వినిపిస్తుంది, నోట్సులోకి అసలు రాదు. ఆమెతో ఇంకో రోజు, ఇంకో ఫైలుగా, ఆమె పేరు మీదే మాట్లాడించాలి.

మేము పోగొట్టుకున్నవి

మా సంగతి చెప్పుకోవాలి. దివిసీమలో నాలుగైదు ఊళ్లు తిరిగి చేసిన పదకొండు రికార్డింగులు ఒకే ఫోనులో, ఒకే మెమరీ కార్డులో పెట్టుకున్నాం. ఫోను నెమ్మదించిందని రిపేరుకిస్తే షాపువాళ్లు కార్డు ఫార్మాట్ చేసి చేతికిచ్చారు. వాళ్లకు తెలియదు, మేము చెప్పలేదు. అందులో ఒక మామ్మ గొంతు ఉంది. ఉప్పెన రాత్రి తుమ్మచెట్టు పట్టుకుని ఎలా నిలబడిందో, తెల్లారాక ఎవరు ఎవర్ని గుర్తుపట్టారో, వారం తర్వాత బియ్యం లారీ వస్తే వరసలో ఎవరు ముందు నిలబడ్డారో చెప్పింది. మళ్లీ వెళ్లేసరికి ఆమె లేదు. మా దగ్గర మిగిలింది ఒక నోట్‌బుక్కు పేజీలో ఆరు లైన్లు. ఆ ఆరు లైన్లయినా ఎందుకు మిగిలాయంటే, మాలో ఒకమ్మాయికి ఫోను మీద నమ్మకం లేక చేత్తో రాసుకోబట్టి.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. రికార్డింగు అయిన రోజు రాత్రే, బస్సులోనైనా సరే, పది లైన్ల సారాంశం చేత్తో రాస్తాం. ఎన్నో నిమిషంలో ఏ విషయం వచ్చిందో గుర్తు వేస్తాం. ‘12వ నిమిషం: బియ్యం లారీ. 31: చెరువు నీళ్లు. 40: కొత్త కాలనీలో ఇళ్లు ఎవరికి ముందొచ్చాయి.’ గంట రికార్డింగును మొత్తం రాసి ఎత్తడానికి అయిదారు గంటలు పడుతుంది, అంత తీరిక కార్యకర్తకు ఉండదు. ఈ నిమిషాల పట్టీ ఉంటే అవసరమైన ముక్క మాత్రం ఎత్తుకోవచ్చు.

ఒక చీటీకి ఒకే సంగతి

జర్మన్ సామాజికశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ జీవితమంతా చీటీల మీద రాసుకుని, నంబర్లు వేసి, చెక్క డబ్బాల్లో పెట్టుకున్నాడు. దాదాపు 90,000 చీటీలు. ఇప్పుడు దాని పేరు చెప్పి యాప్‌లు అమ్ముతున్నారు. అంత హంగామా మనకు అక్కర్లేదు గానీ, అందులోని అసలు కిటుకు మనకు పనికొస్తుంది. ఒక చీటీ మీద ఒకే సంగతి రాస్తే దాన్ని ఎక్కడికైనా కదపొచ్చు. నోట్‌బుక్కులో రాస్తే అది ఆ రోజుకే అతుక్కుపోతుంది.

స్టేషనరీ షాపులో దొరికే అట్ట చీటీలు చాలు, అవీ లేకపోతే తెల్లకాగితాన్ని నాలుగు ముక్కలు చేసినా చాలు. పైన ఎడమ మూల నంబరు, కుడి మూల తేదీ, ఊరు. మధ్యలో సంగతి. కింద ‘ఎలా తెలిసింది’ అన్నది తప్పనిసరి: విన్నదా, చూసిందా, చదివిందా. విన్నదైతే చెప్పినవారి గుర్తు, రికార్డింగు నిమిషం. చూసిందైతే మాలో ఎవరు చూశారు. చదివిందైతే ఏ కాగితం, ఏ పేజీ, ఏ ఆఫీసులో. నాలుగో రకం ఇంకొకటుంది: మనకు తోచింది. దానికి వేరే రంగు చీటీ వాడతాం, మేము పసుపు వాడతాం. ఈ నాలుగూ కలిసిపోవడం వల్లనే మన నివేదికలను అవతలివాళ్లు సులువుగా కొట్టిపారేస్తున్నారు. ‘భూస్వామి మనుషులు గుడిసెలు పీకేశారు’ అని రాస్తాం. పీకేస్తుంటే చూసినవారెవరు, పీకేసిన తర్వాత చూసినవారెవరు, విన్నవారెవరు అన్నది ఆ వాక్యంలో ఉండదు. కోర్టులో మొదటి ప్రశ్న అదే.

చుండూరు గుర్తుచేసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి పెద్ద పోరాటం చేయాల్సి వచ్చింది. తీర్పు 2007 జూలై 31న వచ్చింది, 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. హత్యలు జరిగిన సమయం, స్థలం, దాడి చేసినవాళ్ల గుర్తింపు రుజువు కాలేదన్నది అందులో చెప్పిన కారణం. చీటీలు సరిగ్గా రాసుకుంటే న్యాయం జరిగిపోయేదని మేము చెప్పడం లేదు, పదహారేళ్లు సాగదీసిన విచారణలో ఏ సాక్షికి ఏ గంట గుర్తుంటుంది? కానీ సమయం, స్థలం, ఎవరు ఎక్కడ నిలబడి చూశారు అన్నవి మొదటి రోజే రాసుకోవాల్సినవని మాత్రం ఆ తీర్పు చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది.

డబ్బాలు ప్రశ్నల పేర్ల మీద

చీటీలను మనుషుల పేర్ల మీదో, ఊళ్ల పేర్ల మీదో కాకుండా ప్రశ్నల పేర్ల మీద సర్దుతాం. పాలకాయతిప్ప పనికి మా దగ్గర అయిదు కవర్లున్నాయి. ‘ఉప్పెన రాత్రి’, ‘బియ్యం, బట్టలు, ఇళ్లు ఎవరికి’, ‘కరకట్టకు లోపల, బయట’, ‘రొయ్యల చెరువులు’, ‘మంచినీళ్లు’. ఒక చీటీ రెండు కవర్లలోకీ వెళ్లాల్సి వస్తే రెండోదానిలో ‘చూడు: 42’ అని చిన్న ముక్క పెడతాం.

రెండో కవరు ఎందుకు పెట్టామో చెప్పాలి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సాయం పంపిణీలో దళితులు, ఇరులర్లు పక్కకు నెట్టబడ్డారని అప్పట్లో హక్కుల సంఘాలు నమోదు చేశాయి. నష్టాన్ని పడవలు, వలల లెక్కలో కొలిస్తే, పడవ లేని కూలికి నష్టమే లేనట్టయింది. 1977లో దివిసీమలో మాల, మాదిగ, యానాది కుటుంబాలకు ఏం జరిగిందన్నది అదే ప్రశ్నతో అడగాలి. నష్టాన్ని దేనితో కొలిచారు? ఎవరి గుడిసె లెక్కకొచ్చింది? జవాబు ముందే రాసుకుని వెళ్లొద్దు. కొన్ని ఊళ్లలో ‘అప్పుడు అందరం ఒక్క చోటే తిన్నాం, కులం తర్వాత మొదలైంది’ అని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆ చీటీ కూడా ఆ కవరులోనే ఉంటుంది. మనకు నచ్చని చీటీని పారేస్తే మిగతావాటికి విలువ ఉండదు.

అంకెలకూ ఇదే నియమం. 1977 మృతుల సంఖ్య ఒకచోట 10,000 దగ్గర ఉంటుంది, ఇంకోచోట 14,000 పైన, జనం నోట అంతకు ఎన్నో రెట్లు. ఒక అంకెను ఎంచుకుని మిగతావి మరచిపోవద్దు. మూడింటినీ మూడు చీటీల మీద, ఎవరు చెప్పారో పక్కన రాసి, కలిపి పిన్ను కొట్టాలి. కాగితాల్లో పేరు లేనివాళ్లు, పంట పనికి వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు ఏ అంకెలో ఉన్నారో అడగాల్సిన ప్రశ్న అక్కడే పుడుతుంది.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

భూమి విషయమైతే అడంగల్, 1–బి రెండూ మీభూమి పోర్టల్‌లో చూసుకోవచ్చు. కానీ అవి ఇప్పటి పరిస్థితి. పాతది కావాలంటే తహసీల్దారు ఆఫీసులో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అడగాలి. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి ఆఫీసుల్లో దాన్ని డైగ్లాట్ అంటారు. దివి ప్రాంతంలో చాలా భూమి ఒకప్పుడు చల్లపల్లి ఎస్టేటు కిందిది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కిందికి వచ్చిన గ్రామాలకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఎస్.ఎఫ్.ఎ., అడగాలి. ఆ పేరు చెప్పకపోతే గుమస్తా ‘లేదు’ అని పంపేస్తాడు, అబద్ధం చెప్పినట్టూ కాదు. లంక భూములైతే ఫీల్డ్ లేబర్ కోఆపరేటివ్ సొసైటీల మినిట్స్ పుస్తకాలు వెతకాలి. అవి తరచు పాత అధ్యక్షుడి ఇంట్లో బీరువా కింద ఉంటాయి.

డీకేటీ పట్టాలు చేతికి దొరికితే ముందు, వెనక రెండు వైపులా ఫొటో తీయండి. అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం కూడా 1977లోనే వచ్చింది, 9వ నంబరు చట్టం. 2023 సవరణ తర్వాత పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిందా లేదా అన్నది హక్కునే నిర్ణయించే విషయమైంది. అంటే పట్టా మీది తేదీ ఇప్పుడు చరిత్ర మాత్రమే కాదు. ఉప్పెనలో పట్టాలు కొట్టుకుపోయిన కుటుంబాలకు ఆ తేదీని ఆఫీసు రికార్డు నుంచే రాబట్టాలి. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. అర్జీ కాపీ, రసీదు, జవాబు మూడింటినీ ఒకే పిన్నుతో ఉంచాలి. జవాబు రాలేదన్నది కూడా ఒక చీటీయే.

జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు గ్రామాల వారీగా షెడ్యూల్డు కులాల సంఖ్య ఇస్తాయి. 1971ది, 1981ది పక్కపక్కన పెట్టి చూడండి, మధ్యలో ఉప్పెన ఉంది. పాత పత్రికలకు ప్రెస్ అకాడమీ డిజిటల్ చేసిన సంచికలున్నాయి. బందరు నుంచి 1902లో మొదలైన కృష్ణా పత్రిక కూడా వాటిలో ఉంది. బ్రిటిష్ కాలపు రికార్డులకు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అక్కడ వెతికేటప్పుడు మన జిల్లా పేరును పాత ఇంగ్లీషు పద్ధతిలో ‘కిస్ట్నా’ అని, బందరును ‘మసూలిపటం’ అని అడగాలి. పాలకాయతిప్ప పేరే కాగితాన్ని బట్టి రకరకాలుగా ఉంటుంది. పేర్ల రూపాలన్నీ ఒక చీటీ మీద రాసి డబ్బా మూతకు అంటించుకోండి.

అందరూ మరచిపోయే చోటు చర్చి. కరణం లెక్కల్లో పాలేరుకు ఇంటిపేరు కూడా ఉండదు. బాప్తిస్మపు రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, పల్లె, తేదీ ఉంటాయి. బందరులో సీఎంఎస్ మిషన్ 1841లోనే మొదలైంది, దాని కాగితాలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉన్నాయి. అవనిగడ్డ, వుయ్యూరు వైపు కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. మిషనరీల దృష్టి మిషనరీలదే, దాన్ని అలాగే నమ్మక్కర్లేదు. కానీ ఆ జాబితాల్లో మన ముత్తాతల పేర్లున్నాయి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల క్రైస్తవులుగా నమోదైనవారికి ఎస్సీ హోదా ఉండదు. ఎవరి కుటుంబం గురించి రిజిస్టరులో చదివినా, వాళ్లను అడక్కుండా పేరుతో అచ్చువేయడం వాళ్ల పిల్లల సర్టిఫికెట్ మీదకు తెస్తుంది.

పేర్లు వేరు, మాటలు వేరు

అందుకే చీటీల మీద మనుషుల పేర్లు రాయం. ‘పా–3’, ‘హం–1’ లాంటి గుర్తులు రాస్తాం. ఏ గుర్తు ఎవరిదన్నది ఒక చిన్న పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డబ్బాతో పాటు ఒకే ఇంట్లో ఉండదు. అట్రాసిటీ కేసుల్లో సాక్షులుగా ఉన్నవారి విషయంలో ఇది తప్పనిసరి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన 15–ఎ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కుగా ఇచ్చింది. ఆ రక్షణ ఊరి చివర గుడిసె దాకా ఎంత వస్తుందో మనకు తెలిసిందే. మన నోట్సే వాళ్లను పట్టించే కాగితం కాకూడదు.

ఫొటోలు, వీడియోలు సాక్ష్యంగా పనికి రావాలంటే అసలు ఫైలును తీసిన ఫోనులో అలాగే ఉంచాలి. వాట్సాప్‌లో పంపింది నాణ్యత తగ్గి, తీసిన సమయం వివరాలు పోయి వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. లాయరు దగ్గరకు ఫోనుతోనే వెళ్లండి.

కంప్యూటరు సంగతి

మన సంఘాల పాత కరపత్రాలు, నివేదికలు ఎన్నో అను ఫాంట్లలో ఉన్నాయి. వేరే కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, వెతికితే దొరకవు. కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మార్చుకోండి, ఒత్తులు తప్పుతాయి కాబట్టి ఒకసారి చదివి దిద్దండి. కొత్తగా రాసేదంతా యూనికోడ్‌లోనే రాయండి. ఫైలు పేరు ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత ఊరు, తర్వాత గుర్తు పెడితే ఫైళ్లు తమంతట తామే వరసలో నిలబడతాయి. పుస్తకాల వివరాలకు జొటేరో ఉచితం, వాడటం ఒక పూటలో వస్తుంది. అంతకుమించి యాప్‌ల కోసం వెతుకుతూ కూర్చోవద్దు. మాలో ఒకాయన మూడు నెలలు యాప్‌లు పోల్చి చూశాడు, ఒక్క ఇంటర్వ్యూ చేయలేదు.

కాపీలు మూడు ఉండాలి: ఒకటి ఫోను బయట, ఒకటి ఇంకొకరి ఇంట్లో, ఒకటి ఇంకో ఊళ్లో. మా డబ్బా రేకు ట్రంకుపెట్టె, లోపల పాలిథిన్ కవర్లు. తుఫాను హెచ్చరిక వస్తే బియ్యం, సర్టిఫికెట్లతో పాటు అది కూడా మిద్దెకెక్కుతుంది. దివిసీమలో ఇది చాదస్తం అని ఎవరూ అనరు.

చీటీల నుంచి వ్యాసానికి

ఒక కవరులో ముప్పయ్యో నలభయ్యో చీటీలు చేరాక నేల మీద పరచండి. కాలం వరసలో ఒకసారి, మనుషుల వరసలో ఒకసారి. ఖాళీలు కనిపిస్తాయి. రొయ్యల చెరువుల కవరు పరిచినప్పుడు మాకు సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ తీర్పు గురించి నాలుగు చీటీలున్నాయి, ఆ చెరువుల పక్కన పొలం ఉప్పుబారిన కౌలు రైతువి ఒక్కటీ లేవు. తీర్పు చదవడం సులువు, ఎండలో గట్టు మీద నడవడం కష్టం, మా చీటీలే ఆ సంగతి బయటపెట్టాయి. ఆ వ్యాసం ఆపి మళ్లీ వెళ్లాం.

రాసే ఆలోచనలు వేళాపాళా లేకుండా వస్తాయి. వాటికి జేబులో పట్టే చిన్న పుస్తకం వేరే పెట్టుకోండి. నెలకొకసారి చదివి, ఇంకా బతికున్నదాన్ని పసుపు చీటీ మీదకు ఎత్తండి. మిగతావి కొట్టేయక్కర్లేదు, అలా ఉంచేయండి. రెండేళ్ల తర్వాత వాటిలోంచి వ్యాసం లేచిన సందర్భాలున్నాయి.

అచ్చుకు పంపే ముందు రాసింది చెప్పినవాళ్లకు చదివి వినిపిస్తాం. పోయినసారి పాలకాయతిప్ప దగ్గర ఒకింటి అరుగు మీద చదువుతుంటే, ‘ఉప్పెన తర్వాత ప్రభుత్వం ఇచ్చిన ఇల్లు’ అన్న దగ్గర ఇంటి పెద్దమ్మ ఆపింది. ‘ఇచ్చింది గోడలేనమ్మా. గడప మా ఆయన పెట్టాడు, తలుపు నేను మూడేళ్లు నాట్లకెళ్లి పెట్టించాను. అది రాయి’ అంది. అప్పటికప్పుడు చీటీ రాసుకున్నాం. రెండో కవరులో, 57వ నంబరు.